ల్యాప్‌టాపున రెండవ హార్డుడిస్కు

మా ల్యాప్‌టాపునందలి హార్డుడిస్కు నిండిపోగా, రెండవదానిని మేమే యమర్చితిమి. పాత ల్యాప్‌టాపులు పెక్కింటిలో సీడీ డ్రైవు కలదు. దానిని తీసి, ఆ చోట 'క్యాడీ' యను చట్రమును బెట్టి, అందు రెండున్నర అంగుళముల డిస్కును బిగింపవచ్చును. క్యాడీ మందము 9.5 మిల్లీమీటర్లో, 12.7 మిల్లీమీటర్లో ముందుగా కొలిచి కొనవలెను.

మొదట ముఖ్యమైన ఫైళ్లకు వేరొకచోట నకలు తీసికొంటిమి. పిదప యంత్రము నార్పి, చార్జరును, బ్యాటరీని తొలగించి, అడుగుననున్న మరను విప్పి, సీడీ డ్రైవును వెలుపలికి లాగి, క్యాడీని మెల్లగా జొనిపితిమి. తరువాత క్రొత్త డిస్కును ఫార్మాటు చేయవలెను. ఇచ్చటనే జాగ్రత్త వలయును: పొరపాటున పాత డిస్కును ఫార్మాటు చేసినచో నందున్న దెల్ల తుడిచిపెట్టుకొని పోవును. కావున డిస్కుల పరిమాణములను రెండుమారులు సరిచూచితిమి.

విద్యార్థులారా! డిస్కులు రెండున్నవని నిశ్చింతగా నుండరాదు. ల్యాప్‌టాపు దొంగల పాలైనచో రెండును పోవును. నకలొకటి యంత్రమునకు వెలుపల నుండవలెను.