ట్యాంకు విధ్వంసక విమాన ఫిరంగి

ట్యాంకు విధ్వంసక విమాన ఫిరంగి అనగా శత్రు ట్యాంకులను, ఇతర కవచ వాహనాలను ఆకాశం నుండి కాల్చి నాశనం చేయడానికి విమానానికి గాని హెలికాప్టరుకు గాని అమర్చే పెద్ద ఫిరంగి. సాధారణంగా దీని గొట్టం లోపలి వ్యాసం 30 నుండి 40 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది; 75 మిల్లీమీటర్ల ఫిరంగిని మోసిన విమానాలు కూడా ఉన్నవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ప్రాచుర్యం పొందిన ఈ ఆయుధం తరువాతి కాలంలో చాలావరకు క్షిపణులకు చోటు ఇచ్చింది. అయితే వీడియో ఆటలలో మాత్రం దాని వైభవం తగ్గలేదు. అమెరికా వారి ఏ-10 విమానంలోని జీఏయూ-8 అవెంజర్ ఫిరంగిని చాలామంది యువకులు మొదట చూసినది కంప్యూటరు తెర మీదనే. ఆటలోని ఫిరంగి ఎంతవరకు నిజమైన ఫిరంగిని పోలి ఉంటుందన్నది ఈ వ్యాసంలో ముఖ్యాంశం.

పనిచేసే విధానం

ట్యాంకు కవచం అన్నివైపులా ఒకే మందంలో ఉండదు. ఎదుటి భాగం అన్నిటికంటె మందంగాను, పక్కలు, వెనుక భాగం, పైకప్పు పలుచగాను ఉంటాయి. నేల మీద ఎదురెదురుగా పోరాడే ట్యాంకులు సాధారణంగా ఆ మందమైన భాగాన్నే ఛేదించవలసి వస్తుంది. విమానం అట్లు కాక పక్కనుండి గాని వెనుకనుండి గాని వచ్చి పలుచని భాగాన్ని ఎంచుకొనగలదు. విమాన ఫిరంగికి ఉన్న బలమంతా ఇదే.

ఇందులో వాడే ముఖ్యమైన గుండు పేలుడు పదార్థంతో కాక తన వేగంతో, బరువుతో కవచాన్ని చీల్చుతుంది. అందుకై గుండు నడుమ టంగ్‌స్టన్ లేదా శుద్ధి ప్రక్రియలో మిగిలిపోయిన యురేనియం వంటి సాంద్రత గల లోహపు కడ్డీని అమర్చుతారు. గుండు తగిలే కోణం చాలా ముఖ్యమైనది. 40 మిల్లీమీటర్ల ఉక్కు పలకకు గుండు నిటారుగా తగిలితే అది 40 మిల్లీమీటర్లు మాత్రమే చీల్చవలసి ఉంటుంది. అదే గుండు నిటారు గీత నుండి 60 డిగ్రీలు వాలుగా తగిలితే లోహంలో అది ప్రయాణించవలసిన దూరం 80 మిల్లీమీటర్లు అవుతుంది. ఇంకా వాలితే గుండు అసలు దిగబడదు. చెరువు నీటి మీద ఏటవాలుగా విసిరిన పెంకు ముక్క వలె పైకి ఎగిరిపోతుంది. కాబట్టి బాగా తక్కువ ఎత్తులో వచ్చే విమానం ట్యాంకు పైకప్పును కొట్టినా ప్రయోజనం స్వల్పం. నిటారుగా దూకుతూ కాల్చితే కోణం కుదురుతుంది గాని, తిరిగి పైకి లేవడానికి వ్యవధి తక్కువ.

చరిత్ర

జర్మనీ తన యుంకర్స్ యు-87 విమానం రెక్కల క్రింద రెండు 37 మిల్లీమీటర్ల ఫిరంగులను బిగించి 1943లో తూర్పు రంగంలో ప్రయోగించింది. ఒక్కొక్క ఫిరంగికి 12 గుండ్లు మాత్రమే ఉండేవి. హెన్షెల్ హెచ్‌ఎస్-129 విమానపు చివరి రకానికి 75 మిల్లీమీటర్ల ఫిరంగిని తగిలించారు. సోవియట్ యూనియన్ ఇల్యూషిన్ ఇల్-2 విమానానికి రెండు 37 మిల్లీమీటర్ల ఫిరంగులు అమర్చి చూసింది. అవి రెండూ ఒకే క్షణంలో పేలకపోవడం వలన విమానం ముక్కు అటూ ఇటూ ఊగి, మొదటి గుండు తరువాత గురి తప్పేది. తుదకు సోవియట్ వారు ట్యాంకుల మీద చిన్న చిన్న బాంబులను గుంపుగా జారవిడిచే పద్ధతినే మేలని ఎంచుకున్నారు.

బ్రిటిష్ వారి హరికేన్ 2-డి విమానానికి రెండు 40 మిల్లీమీటర్ల విక్కర్స్ ఫిరంగులు ఉండేవి. 1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో వాడిన ఈ విమానం తరువాత భారత-బర్మా రంగానికి కూడా వచ్చింది. బ్రిటిష్ వాయుసేన 20వ స్క్వాడ్రను 1945 ఫిబ్రవరిలో బర్మాలోని మ్యిన్ము సమీపంలో దాదాపు పన్నెండు జపాను ట్యాంకులను ఈ ఫిరంగులతో ధ్వంసం చేసింది.

స్వతంత్ర భారతదేశ చరిత్రలో విమాన ఫిరంగి ట్యాంకులను ఎదుర్కొన్న ప్రసిద్ధ ఘటన 1971 డిసెంబరులో రాజస్థాన్‌లోని లోంగేవాలా వద్ద జరిగినది. జైసల్మేరు నుండి లేచిన హంటర్ విమానాలు నాలుగేసి 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులతోను, రాకెట్లతోను ఇసుకలో చిక్కుకున్న పాకిస్తాను ట్యాంకుల దళాన్ని దెబ్బతీశాయి. ఆ విమానాలు ట్యాంకుల కోసం ప్రత్యేకంగా తయారైనవి కావు. చాటు లేని ఎడారి, శత్రు విమానాలు అడ్డురాకపోవడం, పగటి వెలుగు - ఈ మూడూ అక్కడ కలిసివచ్చాయి. తరువాతి కాలంలో భారత వాయుసేన వాడిన మిగ్-27లో ఆరు గొట్టాల 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉండేది. కాల్చినప్పుడు విమానమంతా అదిరేంత బలమైనది అది. ఈ విమానాలు 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో సేవ నుండి విరమించాయి.

జీఏయూ-8 అవెంజర్

ఈ జాతి ఫిరంగులలో అత్యంత ప్రసిద్ధమైనది జీఏయూ-8. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారు చేసిన ఈ ఏడు గొట్టాల 30 మిల్లీమీటర్ల ఫిరంగి, దానిని మోసే ఏ-10 విమానం ఒకదానికొకటి కుదిరేటట్లు రూపొందించబడ్డాయి. 1972 మే 10న తొలిసారి ఎగిరిన ఈ విమానంలో ఫిరంగి ఎంత చోటు ఆక్రమించిందంటే, ముందు చక్రాన్ని మధ్యలో పెట్టడానికి వీలులేక కుడివైపుకు జరపవలసి వచ్చింది. గుండ్లతో సహా ఫిరంగి బరువు సుమారు 1,800 కిలోలు. నిమిషానికి 3,900 గుండ్ల చొప్పున, అంటే సెకనుకు 65 గుండ్లు వెలువడతాయి. విమానంలో మామూలుగా నింపే గుండ్లు 1,150. ఆపకుండా కాల్చితే అవి 18 సెకన్లలో అయిపోతాయి! అందువలన పైలట్లు ఒక్కొక్కసారి ఒకటి రెండు సెకన్లు మాత్రమే మీట నొక్కుతారు.

ఈ ఫిరంగి కాల్చితే విమానం గాలిలోనే ఆగిపోతుందని ఒక మాట ప్రచారంలో ఉన్నది. అది నిజం కాదు. ఫిరంగి వెనుకకు నెట్టే బలం సుమారు 45 కిలోన్యూటన్లు. రెండు ఇంజన్లు కలిసి ముందుకు నెట్టే బలం దాదాపు 80 కిలోన్యూటన్లు. వేగం కొద్దిగా తగ్గుతుంది, అంతే.

1970ల చివరలో అమెరికా సైన్యం సోవియట్ టి-62 ట్యాంకుల మీద ఈ ఫిరంగిని తక్కువ ఎత్తు నుండి కాల్చి పరీక్షించింది. ఆ పరీక్షల్లో కాల్చిన గుండ్లలో దాదాపు సగం ట్యాంకులకు తగిలాయి. తగిలిన వాటిలో మూడవ వంతు మాత్రమే కవచాన్ని చీల్చి లోపలికి వెళ్ళాయి. మిగిలినవి కూడా పూర్తిగా వృథా కాలేదు. గొలుసు చక్రాలు, ఇంజను, గురి అద్దాలు, ఫిరంగి గొట్టం దెబ్బతిన్న ట్యాంకు పేలిపోకపోయినా యుద్ధం చేయలేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఏ-10 విమానాలు పెద్ద సంఖ్యలో ఇరాకీ ట్యాంకులను ధ్వంసం చేశాయి. అయితే ఆ పనిలో మావెరిక్ క్షిపణుల పాత్ర ఫిరంగి పాత్ర కంటె పెద్దది.

వీడియో ఆటలలో

ఈ విమానం పేరు మీద వచ్చిన తొలి ఆటలలో డైనమిక్స్ సంస్థ 1989లో విడుదల చేసిన "ఏ-10 ట్యాంక్ కిల్లర్" ఒకటి. 1992లో వచ్చిన "డెజర్ట్ స్ట్రైక్" అపాచీ హెలికాప్టరును ఇంటింటి టీవీ తెరపైకి తెచ్చింది. 2001 నాటి "ఇల్-2 స్టర్మోవిక్" రెండవ ప్రపంచ యుద్ధపు విమానాలను శ్రద్ధగా చిత్రించి పేరు పొందినది.

ఆటలను స్థూలంగా రెండు తెగలుగా చూడవచ్చును. మొదటి తెగ వినోదం ప్రధానమైనవి. 2011లో విడుదలైన "బ్యాటిల్‌ఫీల్డ్ 3"లో ఏ-10 ఫిరంగికి గుండ్లు తరిగిపోవు. ఎక్కువసేపు కాల్చితే వేడెక్కి కాసేపు ఆగుతుంది. ప్రతి వాహనానికి కొంత "ప్రాణం" ఉంటుంది, ప్రతి గుండూ అందులో కొంత తగ్గిస్తుంది, సున్నాకు చేరగానే వాహనం పేలిపోతుంది. ఈ లెక్కలో ఎక్కువ గుండ్లు తగిలితే ఎంతటి ట్యాంకైనా పోవలసిందే. నిజానికి చీల్చలేని కోణంలో వంద గుండ్లు తగిలినా ఆ కవచం చీలదు.

రెండవ తెగ వాస్తవానికి దగ్గరగా ఉండే అనుకరణలు. "వార్ థండర్" ఆటలో ప్రతి గుండుకు కవచపు మందం, తగిలిన కోణం లెక్కించి, లోపల ఎవరికి, ఏ భాగానికి దెబ్బ తగిలినదో చూపుతారు. పైన చెప్పిన యు-87, హెచ్‌ఎస్-129 విమానాలు రెండూ ఇందులో ఉన్నాయి. 2011లో వచ్చిన "డీసీఎస్: ఏ-10సీ వార్ట్‌హాగ్" ఆటలో ఫిరంగి మీటను సగం నొక్కితే విమానం గురి మీద నిలకడగా ఉంటుంది, పూర్తిగా నొక్కితే ఫిరంగి పేలుతుంది. అసలు విమానంలోని ఏర్పాటు కూడా ఇదే. ఇటువంటి ఆటను కొత్తగా మొదలుపెట్టినవారు ట్యాంకును కొట్టడం మాట అటుంచి, ఇంజను ప్రారంభించడానికే చాలా నేర్చుకోవలసి ఉంటుంది.

ఎంత శ్రద్ధగా తయారైన ఆటలోనైనా లోపించే అంశాలు రెండు ఉన్నవి. మొదటిది ప్రాణభయం. ఫిరంగి పనిచేయాలంటే విమానం లక్ష్యానికి ఒకటి రెండు కిలోమీటర్ల దూరానికి రావాలి. భుజం మీద నుండి ప్రయోగించే చిన్న క్షిపణులకు కూడా అది అందే దూరమే. ఆటలో కూలిన పైలట్ కొన్ని సెకన్లలో మళ్ళీ ఎగురుతాడు.

రెండవది మనవారెవరో పరాయివారెవరో తెలియకపోవడం. ఎక్కువ ఆటలలో శత్రువు తలపై ఎర్రని గుర్తు వెలుగుతుంది. నిజమైన యుద్ధభూమిలో అటువంటి గుర్తు లేదు. 2003 మార్చి 28న ఇరాక్‌లో బస్రా సమీపంలో రెండు ఏ-10 విమానాలు తమ మిత్రపక్షమైన బ్రిటిష్ సైనికుల వాహనాలను శత్రు వాహనాలని పొరబడి ఫిరంగితో కాల్చాయి. ఆ వాహనాలపై మిత్రులని తెలిపే నారింజ రంగు పలకలు ఉన్నాయి. వాటిని పైలట్లు రాకెట్లని భావించారు. ఒక సైనికుడు మరణించగా మరికొందరు గాయపడ్డారు. విమానంలో రికార్డయిన దృశ్యం 2007లో బయటకు వచ్చినప్పుడు ప్రపంచమంతా చూసినది. ఆటలలో కనిపించే తెరకూ ఆ దృశ్యానికీ పోలిక చాలా ఉన్నది. అందులోని పైలట్ల గొంతులు మాత్రం ఏ ఆటలోనూ వినబడనివి.

తెలుగు ప్రాంతంతో సంబంధం

ఆటల ద్వారా బాగా తెలిసిన అపాచీ హెలికాప్టరు క్రింద ఎం230 అనే ఒంటి గొట్టం 30 మిల్లీమీటర్ల ఫిరంగి వ్రేలాడుతుంది. నిమిషానికి సుమారు 625 గుండ్లు కాల్చే ఈ ఫిరంగి, పైలట్ శిరస్త్రాణం ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. దీని గుండు జీఏయూ-8 గుండు కంటె పొట్టిది, వేగం తక్కువ. కనుక అది తేలిక వాహనాలకే గాని, పెద్ద ట్యాంకులకు హెలికాప్టరు క్షిపణులనే వాడుతుంది. ఈ హెలికాప్టరు మొండెం రంగారెడ్డి జిల్లా ఆదిభట్లలోని టాటా బోయింగ్ కర్మాగారంలో తయారవుతున్నది. 2018 మార్చి 1న ప్రారంభమైన ఈ కర్మాగారం అదే సంవత్సరం జూన్‌లో తొలి మొండేన్ని అందజేసింది. ఫిరంగి మాత్రం ఇక్కడ తయారు కాదు. భారత సైన్యం కొన్న ఆరు అపాచీలలో మొదటి దాని మొండెం 2023 జనవరిలో ఇక్కడి నుండే వెళ్ళినది.

కృష్ణా డెల్టాకు వస్తే, మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం సైన్యానికి చీకటిలో చూడగలిగే పరికరాలను తయారుచేస్తున్నది. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో ఆ సంస్థ తనలో కలుపుకున్నది. దివిసీమలో కోడూరుకు పొరుగున గల నాగాయలంక మండలంలోని గుల్లలమోదను రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ క్షిపణి పరీక్షా కేంద్రానికై ఎంచుకున్నది.

ఫిరంగి స్థానాన్ని ఆక్రమించిన ఆయుధం కూడా హైదరాబాదులోనే రూపుదిద్దుకున్నది. రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల అక్కడ రూపొందించిన నాగ్ క్షిపణికి హెలికాప్టరు రూపం హెలినా. వాయుసేన కోసం చేసిన దాని రకానికి ధ్రువాస్త్ర అని పేరు. హెలినా ఏడు కిలోమీటర్ల దూరం నుండి బయలుదేరి, పైకి లేచి, ట్యాంకు పైకప్పు మీద నిటారుగా దిగగలదు. తక్కువ ఎత్తులో వచ్చే విమాన ఫిరంగికి ఎన్నడూ సరిగా కుదరని కోణం అదే.