పాత పికప్పు బండ్లలో పెట్రోలు టాంకును స్థలము మార్చి బిగించుట

కోనసీమయందు కొబ్బరి దింపు జరుగు దినములలో తోటలనుండి అంబాజీపేట మార్కెట్టునకు కాయలను, ఎండుకొబ్బరిని, పీచును చేరవేయు బండ్లలో క్రొత్తవే యెక్కువ. ఐనను పాత జీపుల వెనుకభాగమును తొట్టిగా మార్చి పికప్పు బండ్లుగా వాడుకొనుచున్న రైతులు మన ప్రాంతమున నక్కడక్కడ ఇంకను గలరు. వారిలో పలువురు తమ బండి నడచునంతవరకు దానిని విడిచిపెట్టరు. అందు తప్పును లేదు. కాని యా బండ్లయందొక లోపము పుట్టుకతోనే యున్నది. దానిని గూర్చి సభ్యులకు కొంత విశదముగా దెలుపుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

విల్లీస్ జీపు రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికులకొఱకు పుట్టిన బండి. యుద్ధానంతరము మహీంద్రావారు మన దేశమున నీ జీపులను కూర్చి అమ్మసాగిరి. తరువాత నిచ్చటనే తయారు చేసిరి. స్థలము కలిసివచ్చుటకై ఆ బండిలో పెట్రోలు టాంకును డ్రైవరు కూర్చుండు సీటు క్రిందనే యమర్చిరి. సుమారు 40 లీటర్ల పెట్రోలుపైన నొక మెత్త, ఆ మెత్తపైన మనిషి. ఇది జీపునకే పరిమితమైన పద్ధతి గాదు. అమెరికాలో షెవ్రొలే కంపెనీవారి పికప్పులలో 1972 వఱకును టాంకు సీటు వెనుక, క్యాబిను లోపలనే యుండెడిది. నాటి వారికిది వింతగా దోచలేదు.

టాంకు క్రొత్తగా నున్నంతకాలము నిట్టి యమరికవలన బాధ లేదు. చిక్కు తుప్పుతో మొదలగును. మన సముద్రతీరపు ఉప్పుగాలి పైనుండి తినును. లోపలినుండి తినునది నీరు. పెట్రోలుకంటె నీరు బరువు. గాలిలోని తేమ టాంకులో చల్లబడి చుక్కలై అడుగునకు దిగి యచ్చటనే నిలిచిపోవును. పైకి రంగు నిగనిగలాడుచుండగా అడుగురేకు లోలోపల చిల్లులు పడుచుండును.

ఈ లోపలి తుప్పు మాట మన ప్రాంతమువారికి వేరుగా జెప్ప నక్కఱలేదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలమందలి నగరము గ్రామమున, తాటిపాక శుద్ధి కేంద్రమునకు సమీపమున, గెయిల్ సంస్థవారి వాయుగొట్టము పగిలి మంటలు చెలరేగి ఇరువదిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లు నిలువున మాడిపోయినవి. పొడి వాయువునకై వేసిన గొట్టములో తడి వాయువును పంపుటచేత అందలి నీరు గొట్టమును లోపలినుండి తినివేసెనని తరువాతి విచారణలో తేలినది. ఆ వాయువు వేఱు, ఈ పెట్రోలు వేఱు. ఆ గొట్టపు ఒత్తిడి యెక్కడ, ఈ టాంకు ఒత్తిడి యెక్కడ? కాని ఇనుము క్రింద నిలిచిన నీరు రెండు చోట్లను చేయు పని యొక్కటే.

పెట్రోలు ఎట్లు అంటుకొనునో తెలిసినగాని టాంకు నెచటికి మార్చవలెనో తెలియదు. మండునది ద్రవము గాదు, దాని యావిరి. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో గూడ పెట్రోలు మండదగినంత యావిరి నిచ్చును. ఇక మన వేసవి సంగతి చెప్పనేల? ఆ యావిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోక నేలబారుగా ప్రాకి పల్లములలో జేరును. గాలిలో దాని పాలు నూటికి 1.4 మొదలు 7.6 వఱకు నున్నప్పుడు నిప్పురవ్వ తగిలిన అంటుకొనును. తలుపులు మూసిన క్యాబినులో సీటు క్రింద నుండి చెమ్మగిల్లు టాంకు ఈ పాలును చేరుటకు ఎక్కువ పెట్రోలు కాఱనక్కఱలేదు. పైగా డ్రైవరు చేతిలో బీడీ యుండవచ్చును, వెనుక తొట్టిలో ఎండుపీచు ఉండవచ్చును.

నేనెఱిగిన యొక బండిలో వాసన వచ్చుచున్నదని ఇంటివారు రెండేండ్లు చెప్పుచుండిరి. యజమాని మూత సరిగా పట్టుట లేదని తలచి మూతను మార్చెను, ఆ మూతక్రింద నొక గుడ్డను జుట్టెను. చివరకు సీటు తీసి చూడగా టాంకు అడుగున వ్రేలు పెట్టి నొక్కినచో లోనికి దిగునంత మెత్తగా నుండెను. ఆ బండిలో ప్రతిదినము పిల్లలు బడికి వెళ్లుచుండిరి.

మఱియొక క్రొత్త కారణము గలదు. ఇప్పుడు మన బంకులలో దొరకు పెట్రోలునందు నూటికి 20 పాళ్ల వఱకు ఇథనాలు కలియుచున్నది. 2025 నాటికిది దేశమంతట వ్యాపించినది. ఇథనాలు నీటిని పీల్చుకొను స్వభావము గలది. నీరు మితిమీరినపుడు రెండును కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగున చేరును. అదిగాక పాతకాలపు రబ్బరు గొట్టములు, వాషర్లు దీనికి తట్టుకొనునట్లు చేయబడినవి గావు. అవి ఉబ్బి పగులును. కావున టాంకు మార్చినను మార్చకున్నను పాత బండి గలవారు రబ్బరు గొట్టములను మాత్రము ఇథనాలుకు తగినవానితో వెంటనే మార్చవలెను.

టాంకు స్థలము మార్చుట అందఱకును అవసరమా యనిన, కాదు. టాంకు గట్టిగా నుండి, బండి నెలకొకసారి పొలమునకు మాత్రము పోవుచున్నచో, దానిని దింపి కడిగి, పరీక్షించి, గొట్టములును మూతయు క్రొత్తవి వేసికొన్న చాలును. సగము చేసి విడిచిన మార్పుకంటె ఉన్నచోట నున్న మంచి టాంకు మేలు. ప్రతిదినము మనుష్యులను, సరకును మోయు బండికి మాత్రము మార్పు తగును.

పని మొదలిడుటకు ముందు కాగితముల సంగతి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఈ సెక్షనును గట్టిగానే వ్యాఖ్యానించినది. కాబట్టి మన సభ్యులు ముందుగా రవాణా కార్యాలయమున వ్రాతమూలకముగా నడిగి, అనుమతి పొందిన పిదపనే బండిపై చేయి వేయవలెను. బీమా కంపెనీకి గూడ నొక ఉత్తరము వ్రాయవలెను. తెలుపని మార్పు గల బండికి ప్రమాదము జరిగినచో పరిహారము విషయమున తగవు తప్పదు.

ఇక స్థలము. టాంకును క్యాబినునుండి బయటికి దీసిన చాలునని తలచుట పొరపాటు. దీనికి మంచి దృష్టాంతము అమెరికాలోనిదే. జనరల్ మోటార్సు కంపెనీవారు 1973లో తమ పెద్ద పికప్పులలో టాంకును క్యాబినునుండి తీసి, చాసిస్ కమ్ములకు వెలుపల, ప్రక్కగా వ్రేలాడదీసిరి. ఎక్కువ పెట్రోలు పట్టినది గాని, ప్రక్కనుండి మఱొక బండి గుద్దినపుడు టాంకు నేరుగా దెబ్బ తినుచుండెను. మంటలలో పలువురు మరణించిరి, వ్యాజ్యములు నడచినవి. 1988 నమూనానుండి టాంకును కమ్ముల నడుమకు దెచ్చిరి. 1992లో మొదలైన ప్రభుత్వ విచారణ 1994 డిసెంబరులో రాజీతో ముగిసినది; కంపెనీవారు ఐదుకోట్ల డాలర్లకు పైగా రక్షణ కార్యక్రమములకు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. మనవారు గూడ తొట్టి ప్రక్కన ఖాళీ కనుపించినది గదా యని యచ్చటనే టాంకు బిగింపజూతురు. అది వలదు. రెండు చాసిస్ కమ్ముల నడుమ, వెనుక ఇరుసునకు తరువాత నుండు చోటు తగినది. ఇరువైపుల కమ్ములు, వెనుక అడ్డకమ్మి దానికి కోటగోడల వంటివి. సైలెన్సరు గొట్టము ఆ దారినే పోవుచున్నచో దానిని ప్రక్కకు మళ్లించి నడుమ వేడి నాపు రేకు నొకటి వేయవలెను.

చోటును కొలుచునపుడు బండి ఖాళీగా నుండరాదు. తొట్టినిండ కాయలు వేసి, కమానుకట్టలు పూర్తిగా అణగిన స్థితిలో ఇరుసునకును టాంకు చోటునకును ఎంత యెడమున్నదో, నేలకు ఎంత యెత్తున్నదో చూడవలెను. ఖాళీ బండిలో తీసిన కొలత కొలతయే గాదు.

పాత టాంకు సీటు క్రింది గుంటకు సరిపడు ఆకారము గలది. దానినే క్రింద వ్రేలాడదీయుట తగదు. లోపల అడ్డురేకులు గల, క్రిందికి దింపి కట్టుటకు ఉద్దేశింపబడిన క్రొత్త టాంకును కొనవలెను. అడ్డురేకులు లేనిచో మలుపులయందు పెట్రోలు అటునిటు ఊగి, 30 కిలోల బరువు పట్టీలను కుదుపుచుండును. టాంకును చాసిస్సునకు వెల్డింగు చేయరాదు. రబ్బరు పరచిన రెండు ఇనుపపట్టీలతో చుట్టి, అడ్డకమ్ములకు బోల్టులతో బిగించవలెను. పొడవు కమ్మికి రంధ్రము వేయవలసి వచ్చినచో దాని నిలువు భాగమున నడిమి యెత్తున వేయవలెనే గాని పై అంచునను క్రింది అంచునను వేయరాదు. బరువంతయు ఆ అంచులమీదనే యుండును.

టాంకు దింపునపుడు మొదట బ్యాటరీ తీగను విప్పవలెను. పెట్రోలును ఆరుబయట, చేతిపంపుతో మూతగల డబ్బాలోనికి తీయవలెను. షెడ్డులో మెకానిక్కు దిగు గుంటపైన బండిని నిలిపి యీ పని చేయుట మిక్కిలి అపాయకరము; ముందు చెప్పినట్లు ఆవిరి పల్లమునకే దిగును, గుంటలో మనిషి యుండును. నోటితో గొట్టము పీల్చి పెట్రోలు తీయు అలవాటు కూడ మానవలెను. దాపున నీళ్లబకెట్టు గాక ఎండుపొడి గల నిప్పార్పు సిలిండరు నుంచుకొనవలెను; ఇసుక యున్నను మేలే.

అన్నిటికంటె తెలివి కావలసినది గొట్టములయందు. నింపుగొట్టపు నోరు బండి బయట ప్రక్కభాగమున నుండి టాంకునకు వాలుగా దిగవలెను. టాంకు పైభాగమునుండి గాలి పోవు సన్నగొట్ట మొకటి నింపుమూతి దగ్గఱకు రావలెను. లేనిచో బంకులో పెట్రోలు పోయునపుడు ఎగదన్ని మీదబడును. ఊపిరిగొట్టము వేఱొకటి గలదు. దానిని తొట్టి అంచు యెత్తువఱకు పైకి తీసి వంచి విడువవలెను. గోదావరి వరదల దినములలో లంకగ్రామముల కాజ్‌వేలమీద నీరు పారుట మన మెఱిగినదే. ఊపిరిగొట్టము క్రింద నున్నచో ఆ నీరు నేరుగా టాంకులోనికి పోవును. నింపుమూతికిని టాంకునకును నడుమ రబ్బరు గొట్టమున్నచో మూతినుండి చాసిస్సునకు ఒక రాగితీగ కలుపుట మఱువరాదు. పెట్రోలు పోయునపుడు పుట్టు విద్యుత్తు దాని ద్వారా నేలకు పోవును.

ఇంజనువైపు పోవు గొట్టము ఇనుపదై, చాసిస్ లోపలివైపున అడుగున కొక క్లిప్పుతో బిగింపబడవలెను. రెండు కొనలయందు మాత్రము రబ్బరు ముక్కలు వేసిన చాలును. సీటు క్రిందనున్న టాంకునుండి పెట్రోలు లాగుటకు ఇంజను ప్రక్కనున్న పాతపంపు సరిపోయెడిది. ఇప్పుడు అది బండి వెనుకకొననుండి లాగవలసి వచ్చును. ఎండవేళ గొట్టములో ఆవిరి కట్టి ఇంజను నిలిచిపోవచ్చును. అందుచే టాంకు దగ్గఱ చిన్న విద్యుత్పంపు నమర్చుదురు. ఇచట కొందఱు చేయు తప్పొకటి కలదు: క్రొత్త బండ్ల పంపును తెచ్చి బిగింతురు. కార్బురేటరునకు రెండు మూడు పౌనుల ఒత్తిడి చాలును. క్రొత్తబండ్ల పంపు నలుబది పౌనులకు పైగా తోసి కార్బురేటరును ముంచివేయును. విద్యుత్పంపునకు ఫ్యూజు నుండవలెను. ఇంజనులో నూనె యొత్తిడి పడిపోగానే పంపు ఆగిపోవునట్లు ఒక స్విచ్చును గూడ నుంచవలెను. అది లేనిచో బండి బోల్తాపడిన పిదపకూడ పంపు పెట్రోలును క్రక్కుచునే యుండును. డీజిలు ఇంజను వేసికొన్న జీపులలో ఆవిరిభయము తక్కువ గాని, మిగిలిన డీజిలు తిరిగివచ్చు గొట్టమును టాంకువఱకు పొడిగింపవలెను.

గేజి ముల్లు తప్పుచూపుట సామాన్యము. క్రొత్త టాంకులోని తేలుడుబెండు పాత గేజికి సరిపడునో లేదో కొనునప్పుడే చూచుకొని, టాంకునుండి చాసిస్సునకు ఎర్తుతీగ కలుపవలెను. క్యాబినులో పాత టాంకు వదలిన గుంటను, గొట్టపు రంధ్రములను రేకుతో మూసి బిగించిన గాని క్రిందనుండి ఆవిరి లోనికి రాకమానదు.

మొదట ఐదు లీటర్లు మాత్రము పోసి, అతుకులన్నిటిని చేతితో తడిమి చూచి, రాత్రియంతయు బండి క్రింద మందపు కాగితము పఱచి యుంచవలెను. ఉదయమున కాగితముపై మరక లేనిచో టాంకు నింపి, సరకుతో పది మైళ్లు నడిపి మరల చూడవలెను. వారము తరువాత పట్టీల బోల్టులను తిరిగి బిగించి, అటుపిమ్మట రవాణా కార్యాలయమున బండిని చూపి రిజిస్ట్రేషను పత్రములో మార్పు వ్రాయించుకొనవలెను.

తీసివేసిన పాత టాంకు విషయ మొకటి మిగిలినది. ఖాళీ పీపాలను కోసి పొయ్యిలును తొట్లును చేయించుట మన పల్లెలలో నలవాటు. ఖాళీ టాంకు నిండుటాంకుకంటె నపాయకరము. లోపల ద్రవము లేకున్నను ఆవిరి యుండును, వెల్డింగు మంట తగిలిన బాంబువలె ప్రేలును. కడిగితిమను ధైర్యముతో మెకానిక్కులు చనిపోయిన సంగతులు విని యుందురు. దానిని అంచువఱకు నీటితో నింపి, మూత తీసి, తుక్కు కొనువానికి పెట్రోలు టాంకని చెప్పియే యప్పగింపవలెను.