యంత్రానికి రోగనిరోధక శక్తి

రైల్వే పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో మీరు పెరిగి ఉంటే ‘హాట్ యాక్సిల్’ అనే మాట వినే ఉంటారు. ఇరుసు చివర ఉండే బేరింగు పాడైతే వేడెక్కుతుంది. గమనించకపోతే ఇరుసు విరిగి బండి పట్టాలు తప్పవచ్చు. అందుకే బండి ఆగగానే సిబ్బంది యాక్సిల్ బాక్సులను చేత్తో తాకి చూసేవారు. కాని చేతికి వేడి తగిలేసరికి బేరింగు చాలావరకు చెడిపోయి ఉంటుంది. అంతకంటే ముందే పసిగట్టడం ఎలా?

మన శరీరం చేసే పనిని చూద్దాం. తెల్లరక్తకణాలలో ఒక రకమైన టి-కణాలు థైమస్ గ్రంథిలో పరిణతి చెందుతాయి. సొంత కణాలను శత్రువులుగా పట్టుకునే టి-కణాలు చాలావరకు అక్కడే నశిస్తాయి. మిగిలినవి బయటికి వచ్చి కాపలా కాస్తాయి. అంటే, రాబోయే ప్రతి క్రిమీ శరీరానికి ముందే తెలిసి ఉండనక్కరలేదు. తనది ఏదో తెలిస్తే చాలు.

1994లో స్టెఫనీ ఫారెస్ట్, అలన్ పెరెల్సన్, లారెన్స్ అలెన్, రాజేష్ చెరుకూరి ఈ పద్ధతిని కంప్యూటరుకు నేర్పారు. దీని పేరు ‘నెగెటివ్ సెలెక్షన్’. వారు వెతికింది కంప్యూటర్ వైరస్‌ల కోసం. తరువాత దీపాంకర్ దాస్‌గుప్తా, ఫారెస్ట్ కలిసి మిల్లింగ్ యంత్రంలో పనిముట్టు విరగడాన్ని పట్టుకోవడానికి దీన్నే ప్రయోగించారు.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. బేరింగు కంపనం తక్కువైతే 1, మధ్యస్థమైతే 2, ఎక్కువైతే 3 అని రాద్దాం. మంచి బేరింగు 1, 1, 2, 1, 1, 2... అని సాగుతుందనుకోండి. వరుసగా మూడేసి అంకెలు తీస్తే 112, 121, 211 మాత్రమే వస్తాయి. మూడు అంకెలతో మొత్తం 27 వరుసలు సాధ్యం. మంచివి మూడూ తీసేస్తే మిగిలిన 24 మన కాపలాదార్లు. వీటిని ‘శోధకాలు’ అందాం.

ఒకరోజు 122 వచ్చింది. ‘3 వస్తే గంట కొట్టు’ అని ఏర్పాటు చేసిన మామూలు గంట మోగదు, ఎందుకంటే ఏ అంకే హద్దు దాటలేదు. కాని 122 అనే శోధకం వెంటనే పట్టుకుంటుంది. మారింది కంపనం వరస. తొలి దశలో లోపం ఇలాగే కనిపించవచ్చు.

నిజమైన యంత్రాలలో కొలతలు వేలల్లో ఉంటాయి. అన్ని వరుసలూ రాయడం అసాధ్యం కనుక కొన్నింటిని యాదృచ్ఛికంగా తయారుచేసి, మంచివాటితో సరిపోలినవి పారేస్తారు.

అసలు చిక్కు మంచివాటిని సేకరించడంలోనే ఉంది. ఖాళీ వ్యాగను కొలతలే నేర్పితే, సరుకు నింపిన వ్యాగనుకు కూడా గంట మోగవచ్చు. ఉత్తినే రోజూ మోగే గంటను ఎవరు పట్టించుకుంటారు?

ప్రశ్న: పై ఉదాహరణలో 111 వస్తే గంట మోగుతుందా? కంపనం తగ్గింది కదా, ఎందుకు?