వార్త నిజమే, వడపోత ఎవరిది?

ప్రభుత్వ సొమ్ముతో నడిచే విదేశీ వార్తా ఛానల్ అనగానే అబద్ధాల పుట్ట అనుకుంటాం. కిటుకు చాలాసార్లు ఎంపికలోనే ఉంటుంది.

2005 డిసెంబరులో 'రష్యా టుడే' ప్రసారాలు మొదలైనప్పుడు రష్యా గురించి ప్రపంచానికి మంచిమాట చెప్పడమే దాని పని. 2009లో పేరును 'ఆర్‌టీ'గా కుదించుకున్నాక చూపు అమెరికా లోటుపాట్ల మీదికి మళ్ళింది. 2011లో 'ఆక్యుపై వాల్‌స్ట్రీట్' ఉద్యమానికి బోలెడంత సమయం కేటాయించింది. ఆ జనం, వాళ్ళ కోపం నిజమే. అయితే క్రెమ్లిన్‌ను మాత్రం అదే గొంతుతో నిలదీయలేదు.

అమెరికా కూడా తక్కువ తినలేదు. ఇరాక్ యుద్ధంతో మండిపడుతున్న అరబ్బుల కోసం 2004 ఫిబ్రవరిలో వర్జీనియా నుంచి 'అల్ హుర్రా' ఛానల్ ప్రారంభించింది. విచిత్రమేమిటంటే, 1948 నాటి స్మిత్-ముంట్ చట్టం వల్ల ఇలాంటి ప్రసారాలను స్వదేశంలో పంచకూడదు! పొరుగింటికి వండింది మనింట్లో వడ్డించకూడదన్నమాట. ఆ నిబంధనను 2013లో సడలించారు.

రెండు దేశాల వార్తలూ చూసే మనం వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. డబ్బెవరిది? చర్చకు ఎవరిని పిలిచారు? ఈ ఛానల్ తన ప్రభుత్వాన్ని ఎప్పుడైనా ఇంత గట్టిగా అడిగిందా? మూడోదానికి జవాబు దొరక్కపోతే, ఆ వార్తను మరోచోట కూడా చూసి గానీ మిత్రులకు పంపకండి.