మంచు చెక్కిన ఎడారి

ఎడారి అనగానే మన మనస్సులో మెదలునది ఇసుక. ఉర్దూలో దానికున్న 'రేగిస్తాన్' అను పేరుకు అర్థమే ఇసుకనేల. ఉపాధ్యాయ శిక్షణలో భాగముగా ఎనిమిదవ తరగతికి పాఠము చెప్పినప్పుడు, ఎడారిలో శిలలను చెక్కునది గాలియేనని నేనును నిస్సంకోచముగా చెప్పినాను. నల్లబల్లపై బొమ్మ కూడ గీచినాను. 2019 డిసెంబరులో అమెరికాలోనున్న మా భాయీజాన్‌తో కలిసి యూటా, అరిజోనా రాష్ట్రాల లోయల దారిన కారులో ప్రయాణించినప్పుడు ఆ పాఠము ఎంత తప్పో తెలిసివచ్చినది.

లాస్ వేగాస్ నుండి సుమారు 260 కిలోమీటర్లు పోగా జయన్ లోయ వచ్చినది. ఇరుప్రక్కల 600 మీటర్ల ఎత్తువరకు ఎర్రని గోడలు. వాటిపై ఏటవాలు చారలు ఒకదానినొకటి ఖండించుచు కనిపించును. అవి సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రిందట గాలి పోగుచేసిన ఇసుకదిబ్బల పొరలు, కాలక్రమమున రాయియైనవి. అనగా గాలికి ఇక్కడ పని లేకపోలేదు. కాని అది కట్టినది. కోసినది అడుగున పారు వర్జిన్ నది. చలికాలములో దానిని చూచినవారు, ఇంత చిన్న ఏరు ఇంత పని చేసినదా అని శంకింతురు. వరదలో అది మోసికొనిపోవు ఇసుక, బండరాళ్లే దాని ఉలి.

అక్కడికి ఈశాన్యమున బ్రైస్ కేన్యన్ ఉన్నది. పేరు అటులున్నను, నిజమునకది నది త్రవ్విన లోయ కాదు. పీఠభూమి అంచున ఏర్పడిన విశాలమైన పల్లములు. వాటినిండ వేలకొలది సున్నపురాతి స్తంభములు. అక్కడివారు వానిని 'హూడూ'లందురు. సముద్రమట్టమునకు 2,400 మీటర్లకు పైబడిన ఆ అంచున పగటి ఎండకు మంచు కరిగి రాతిపగుళ్లలోనికి దిగును; రాత్రి అదే గడ్డకట్టును. గడ్డకట్టిన నీరు నూటికి 9 వంతులు ఉబ్బునని మనము చదువుకొన్నదే. ఆ ఉబ్బు పగులును మరికొంత విప్పును. ఏడాదిలో 180 నుండి 200 దినములు ఈ పని సాగును. మేము కారులో మరచిన నిండు గాజుసీసా తెల్లవారునప్పటికి నిలువున పగిలియున్నది. భాయీజాన్ విసుగుకొన్నారు, నేను మాత్రము దానిని పారవేయనీయలేదు.

పేజ్ పట్టణ సమీపమున నవాహో జాతివారి భూమిలో యాంటిలోప్ అను ఇరుకు లోయ కలదు. 1997 ఆగస్టు 12న అక్కడ వరదలో 11 మంది యాత్రికులు మరణించిరి. వారున్నచోట కురిసినది స్వల్పమే. పెద్దవాన కురిసినది ఎగువన, కిలోమీటర్ల దూరమున. బండనేల నీటిని పీల్చుకొనదు, ఆపుటకు చెట్టుచేమలు లేవు. కురిసినదంతయు ఒక్కసారిగా ఇరుకులోనికి దూకును. ఎడారిలో నీటికి పనిలేదని నమ్మిన పిల్లవాడు అటువంటి చోట నెత్తిమీది ఆకాశమును మాత్రమే చూచి నిర్భయముగా దిగును. నా పాఠములోని తప్పు పరీక్ష మార్కులతో పోవునది కాదని అక్కడ నాకు తోచినది.

గ్రాండ్ కేన్యన్ ఉత్తరపు అంచుకు పోవు దారిని చలికాలములో మంచు కారణముగా మూసివేయుదురు. రెండు అంచుల నడుమ సూటిదూరము 16 కిలోమీటర్లే. రోడ్డుమార్గమున 340కి పైమాట! మేము దక్షిణపు అంచుకే చేరినాము. పైన మంచు పేరుకొనియున్నది. కిలోమీటరున్నరకు దరిదాపు లోతున కొలరాడో నది గోధుమరంగు దారమువలె కనిపించినది. అట్టడుగు శిలల వయస్సు సుమారు 170 కోట్ల సంవత్సరములు, పేరు 'విష్ణు'! 1880 దశకములో భూశాస్త్రజ్ఞుడు క్లారెన్స్ డట్టన్ ఇక్కడి శిఖరములకు విష్ణు, శివ నామములు పెట్టినాడు.

జనవరిలో తిరిగివచ్చి అదే తరగతికి వెళ్లినాను. మొదట నా పాత పాఠము తప్పని ఒప్పుకొన్నాను, పిల్లలు నవ్వినారు. శాలువలో చుట్టి తెచ్చిన పగిలిన సీసాను బల్లపై పెట్టి, జరిగినది చెప్పినాను. ఒకడు లేచి, "మరి మన గండికోట లోయను కోసినదెవరు టీచర్?" అని అడిగినాడు. నేను నోరు విప్పులోగానే రెండవ వరుసలోని పిల్ల "పెన్న" అన్నది.