డిక్కీ కింద టర్బో

తాండూరు నుంచి బండల లోడుతో వచ్చే లారీ ధారూర్ దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, ఇంజన్ మోతలోంచి సన్నటి ఈల ఒకటి వినిపిస్తుంది. డ్రైవర్ గేరు తగ్గించి తొక్కినకొద్దీ ఆ ఈల పైకి పోతుంది. అది టర్బో. ఇంజన్ పొగ దాని టర్బైన్‌ను తిప్పితే, అదే ఇరుసు మీది కంప్రెసర్ గాలిని నొక్కి ఇంజన్‌కు పంపుతుంది. వికారాబాద్‌లో మా డీజిల్ మెకానిక్ పిల్లలకు పాఠం ఆ ఈలతోనే మొదలుపెడతాను. నిరుడు అలా చెబుతుంటే, తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చే కుర్రాడు లేచాడు. "సార్, మా మామకు పాత పెట్రోల్ కారుంది. బోనెట్ కింద చెయ్యి పెట్టే జాగ లేదు. టర్బోను ఎనక, సైలెన్సర్ ఉన్నకాడ పెడితే ఏమైతది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు మూడు క్లాసులు పట్టింది.

ముందుగా వాడికి చెప్పింది, ఇది కొత్త పిచ్చి కాదని. అమెరికాలో ఊటా రాష్ట్రపు స్క్వైర్స్ టర్బో సిస్టమ్స్ అనే సంస్థ, రోడ్డు మీద తిరిగే కార్లకు వెనక టర్బో కిట్లు తయారుచేసి అమ్మింది. అంతకన్నా చాలా ముందే, రెండో ప్రపంచయుద్ధంలో పి-47 థండర్‌బోల్ట్ విమానం ఇదే పని చేసింది. ముందు 18 సిలిండర్ల ఇంజన్, దాని వెనక పైలట్, ఆ పైలట్‌కూ వెనక టర్బో. ఇంజన్ పొగ విమానం పొట్ట కిందుగా తోక వైపు వెళ్లి టర్బైన్ తిప్పేది. అక్కడ నొక్కిన గాలి ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, మళ్లీ ముందుకు ఇంజన్ దాకా ప్రయాణం చేసేది. నేటి జార్జియా దేశంలో పుట్టిన అలెగ్జాండర్ కార్ట్‌వెలీ గీసిన ఆ బొమ్మను బోర్డు మీద వేస్తుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. విమానం కడుపంతా గొట్టాలే. బ్రిటిష్ వైమానిక దళం 1944, 45లలో బర్మా యుద్ధంలో వాడినవీ ఈ విమానాలే.

ఇక అసలు తగాదా. టర్బోను తిప్పేది వేడా, ఒత్తిడా? వెనక టర్బోను ఇష్టపడేవాళ్లు వేడితో పని లేదంటారు. వద్దనేవాళ్లు పొగ చల్లబడితే టర్బో చచ్చినట్టే అంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది.

లెక్కకు, సిలిండర్ల పొగను పోగుచేసే మానిఫోల్డు దగ్గర పొగ 850 డిగ్రీలు ఉందనుకుందాం. మూడు మీటర్ల గొట్టం దాటి డిక్కీ కిందికి వచ్చేసరికి 550కి దిగిందనుకుందాం. సున్నా కింద 273 నుంచి లెక్కపెట్టే కెల్విన్ కొలతలో అవి 1123, 823. ఒకే ఒత్తిడి తేడా మధ్య కిలో వాయువు టర్బైన్‌కు ఇవ్వగల పని ఈ అంకెను బట్టే ఉంటుంది. అంటే నూటికి 27 వంతుల పని దారిలోనే గాలికి పోయింది. కానీ చల్లబడిన వాయువు ముడుచుకుంటుంది కూడా, దాదాపు అదే వంతున. ముడుచుకున్న వాయువుకు చిన్న నోరున్న టర్బైన్ పెడితే, నోటి ముందు ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, పోయిన పని తిరిగి వస్తుంది. బావిలో నీళ్లు తగ్గితే పైపు కొనను బొటనవేలితో నొక్కి పట్టే రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అయితే ఉచితంగా రాదు. ఆ ఒత్తిడిని ఇంజన్ పిస్టన్లే వెనక నుంచి తోసి పుట్టించాలి. ముందున్న టర్బో బట్టీ వేడిని తింటే, వెనకున్నది పిస్టన్ కండను కొంచెం ఎక్కువ తింటుంది.

ఇంకో నష్టం ఉంది. పొగ సిలిండర్ నుంచి ఏకధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. 1905లోనే టర్బోకు పేటెంటు తీసుకున్న స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ, 1925 నాటి తన పద్ధతిలో సిలిండర్ల గొట్టాలను వేరుచేసి, ఆ దెబ్బ చెదరకుండా టర్బైన్ రెక్కల దాకా తెచ్చాడు. నా దృష్టిలో ఆయన చేసిన అతి తెలివైన పని అదే. మూడు మీటర్ల గొట్టంలో ఆ దెబ్బలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి మెత్తబడిపోతాయి.

తొక్కాక పికప్ రావడానికి పట్టే ఆలస్యానికి అందరూ ముందుకొచ్చే గాలి గొట్టాన్ని తిడతారు. ఆ నింద అన్యాయం. అయిదు సెంటీమీటర్ల అడ్డకొలత, మూడు మీటర్ల పొడవు ఉన్న గొట్టంలో పట్టేది ఆరు లీటర్ల లోపే. సగం అట్మాస్ఫియర్ అదనపు ఒత్తిడికి నింపాలంటే ఇంకో మూడు లీటర్ల గాలి చాలు. 1.2 లీటర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్ల దగ్గర సెకనుకు సుమారు 30 లీటర్లు మింగుతుంది. కంప్రెసర్‌కు అందులో మూడో వంతు మిగులు ఉన్నా, సెకనులో పదింట మూడు వంతుల కాలంలో గొట్టం నిండుతుంది. అసలు ఆలస్యం పొగ వైపుది. చల్లటి గొట్టం గోడలు ముందు తమ వాటా వేడి తాగి, ఆ తర్వాతే టర్బైన్‌కు వదులుతాయి.

లాభాలు లేవని కాదు. బోనెట్ కింద వైర్లు, రబ్బరు గొట్టాలు వేగిపోవు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంజన్ పక్కనే ఉండి త్వరగా వేడెక్కుతుంది. మానిఫోల్డు మార్చక్కర్లేదు. మే నెల 40 డిగ్రీల ఎండలో పీల్చిన గాలి నొక్కాక 95 దాకా చేరుతుంది. బండి పరుగులో ఉంటే పొడవాటి గొట్టం అందులో కొంత దించుతుంది. ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం ఆ మేలు లేదు.

నన్ను భయపెట్టేది వేడి కాదు, ఆయిల్. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. బుష్‌ను తాకకుండా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆయిల్ సన్నటి పైపులో ఒత్తిడితో వస్తుంది, పోయేటప్పుడు నురగై, తన బరువుతో తానే లావు పైపులోంచి కిందికి జారాలి. ముందున్న టర్బోకు కింద ఆయిల్ చాంబర్ ఉంటుంది. వెనక చక్రాల ఎత్తులో వేలాడే టర్బోకు జారడానికి కిందంటూ లేదు. చిన్న కరెంటు పంపు పెట్టి లాగాల్సిందే. ఆ పంపు ఆగితే?

పిల్లలకు దీన్ని బల్ల మీదే చూపించాం. తుక్కులో దొరికిన లారీ టర్బోకు పైనుంచి ఆయిల్ పోస్తూ, కిందికి దిగే గొట్టం కొసను టర్బో కన్నా పైకెత్తి పట్టమన్నాను. ఆయిల్ వెళ్లే దారిలేక లోపలే నిలిచింది. కాసేపటికి ఇరుసు చివరి రింగు దాటి టర్బైన్ గూట్లోకి ఊరింది. అక్కడ రబ్బరు సీలు లేదు, ఉన్నది పిస్టన్ రింగు లాంటి ఇనుప చుట్టే. బండి నడుస్తుండగా ఇలా అయితే వెనక నీలిపొగ, ముందు ఖాళీ అవుతున్న చాంబర్.

ఇక మా దారులు. కాగ్నా నది పొంగిన రోజుల్లో తాండూరు రోడ్డు మీద నిలిచే నీళ్లు వెనక చక్రాల దగ్గరుండే టర్బో గాలి ఫిల్టర్‌కు సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. కాగి ఉన్న పోత ఇనుము మీద ఆ నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. కోతల కాలంలో రోడ్డు మీద పరిచే కంది కట్టె, పొట్టు ఎండి పెళుసుగా ఉంటాయి. ఎర్రగా కాగిన టర్బో వాటి మీదుగా జానెడు ఎత్తులో పోవడం నేను ఊహించదలచుకోలేదు. బండల పాలిషింగ్ బురద ఎండి లేచే తెల్ల దుమ్ము సంగతి సరేసరి.

ఇక కార్లలో టర్బో చరిత్ర, క్లుప్తంగా. 1962లో అమెరికాలో టర్బో కార్లు వచ్చాయి, ఇప్పుడు మన లీటరు ఇంజన్లకూ కంపెనీయే తగిలిస్తోంది. బయట బిగించుకుందామంటే, కంపెనీ ఇచ్చిన ప్రమాణాలు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మామ కారు జోలికి పోవద్దని ఆ కుర్రాడికి గట్టిగానే చెప్పాను.

వాడు కారు వదిలాడు గానీ పంపును వదల్లేదు. గత వారం పాత ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఒక బజర్, బ్యాటరీ పట్టుకొచ్చాడు. "సార్, పంపు ఆగంగనే ఇది మోగాలె. మోగిన ఎన్ని సెకండ్లకు ఆయిల్ రింగు దాటుతదో లెక్క గడదాం" అన్నాడు. తుక్కు టర్బో ఇప్పుడు మళ్లీ బల్ల మీదుంది.