దాహం అంటే మంచినీళ్ళు

పొద్దున్న ఏడున్నరకి ఫోను మోగితే నాకు గుండె జల్లుమంటుంది. ఆ వేళప్పుడు వచ్చే కబురు దాదాపు ఎప్పుడూ ఒకటే. "దీదీ, ఆజ్ ఆశ్తే పార్బో నా." ఇవాళ రాలేను అని. బాలిచక్ నుంచో నారాయణగఢ్ నుంచో లోకల్ ఎక్కి రావలసిన ఆయా మాసి ఇంట్లో పిల్లాడికి జ్వరం, లేదా వానకి ఊరి దారి మునిగిపోయింది. ఇక్కడ తాల్‌బాగిచాలో రాత్రంతా మేలుకున్న మాసి ఎనిమిదింటికి డ్యూటీ దిగాలి. మంచంలో ఉన్న తాతగారిని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. అరగంటలో ఇంకో మనిషి దొరకాలి. దొరక్కపోతే నేనే వెళ్తాను. చాలాసార్లు వెళ్ళాను.

ముసలివాళ్ళని ఇంటి దగ్గరే చూసుకునే ఒక కంపెనీకి ఖరగ్‌పూర్ ఫ్రాంచైజీ 2018లో తీసుకున్నాను. బయట బోర్డు మీద కంపెనీ పేరు. లోపల నేనూ, ఫోన్లు చూసే ఒక అమ్మాయీ, ముప్పైమందికి పైగా ఆయా మాసిలూ. కంపెనీ యాప్‌లో వీళ్ళని 'కేర్ గివర్' అంటారు. ఊళ్ళో ఎవరూ ఆ మాట అనరు. ఆయా అనే అంటారు, పిలిచేటప్పుడు మాసి, అంటే పిన్ని. పోర్చుగీసు వాళ్ళు వదిలి వెళ్ళిన మాట అది, బెంగాల్లో ఇంటింటి మాటయింది. ఇక్కడ ఏ ఊరికి వెళ్ళినా ఒక 'ఆయా సెంటర్' బోర్డు కనబడుతుంది. పన్నెండు గంటల డ్యూటీకి మనిషిని పంపి కమీషను తీసుకోవడం వాళ్ళ పద్ధతి. మరి ఫ్రాంచైజీ ఎందుకు తీసుకున్నావని మావాళ్ళందరూ అడిగారు. బెంగళూరులో ఉన్న కొడుకు తల్లిని ఎవరి చేతిలో పెడుతున్నాడో తెలుసుకోవాలనుకుంటాడు. రసీదు, మాసి గుర్తింపు కాగితాలు, రోజూ బీపీ, షుగరు రాసే చార్టు, ఇవన్నీ తన ఫోన్లో చూసుకోవాలి. ఆ నమ్మకానికి నా పేరు సరిపోదని అప్పట్లో అనుకున్నాను.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే మా పెద్దవాళ్ళ నోట బీఎన్నార్, ఇక్కడ వర్క్‌షాపు కట్టినప్పుడు ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల నుంచి జనం తరలి వచ్చారు. మా తాత బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఫౌండ్రీలో చేరాడు. నాన్న వేగన్ షాపులో ఫిట్టరు. నేను పుట్టింది మథురాకాటి క్వార్టర్లలో. అక్కడా, నింపురాలోనూ, న్యూ సెటిల్‌మెంట్‌లోనూ తెలుగు వినకుండా వీధి దాటలేం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుని అధికార భాషల్లో చేర్చిందంటే మా ఊరి వల్లే.

ఒకప్పుడు కొడుకు కూడా తండ్రి వెనకే వర్క్‌షాపు గేటులోకి వెళ్ళేవాడు. ఇప్పుడు హైదరాబాదో, బెంగళూరో, ఇంకా దూరమో వెళ్తున్నాడు. రిటైరైన వాళ్ళు క్వార్టరు ఖాళీ చేసి మలంచలోనో ఝాపేటాపూర్‌లోనో కట్టుకున్న ఇళ్ళల్లో ఇద్దరే మిగులుతున్నారు, కొన్నాళ్ళకి ఒక్కరు. డబ్బుకి మరీ కటకట లేదు. పాత రైల్వే పింఛను ఉంది. 80 నిండితే మూల పింఛను మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40. ఉమీద్ కార్డు చూపిస్తే రైల్వే ఆసుపత్రిలో వైద్యం. లేనిదల్లా ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక పక్కన కూర్చునే మనిషి. ఇది మా ఊరి ఒక్కదాని మాటా కాదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్ళు 2022లో 14.9 కోట్ల మంది. 2050కి 34.7 కోట్లవుతారు.

ఈ వ్యాపారంలోకి రావాలనుకునే వాళ్ళు తరచు నా దగ్గరికి వస్తారు. వాళ్ళకి మొదట లెక్క చెప్తాను. ఒక ఇంటి నెల బిల్లు 20,000 రూపాయలు అనుకోండి. అందులో మాసికి 15,000 ఇస్తే మన దగ్గర మిగిలేది 5,000. కంపెనీ రాయల్టీ 8 శాతం అని ఒప్పందంలో ఉంటే చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ అది మిగిలినదాని మీద కాదు, మొత్తం బిల్లు మీద. అంటే 1,600 రూపాయలు. మన ఐదువేలల్లో దాదాపు మూడో వంతు అక్కడే పోయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ. తర్వాత ఆఫీసు అద్దె, ఫోన్లు, మాసి రాని రోజు ఇంకొకరికి ఇచ్చే రెట్టింపు కూలి. పనివాళ్ళు ఇరవై మందికి చేరితే భవిష్య నిధి కట్టాలి, కట్టి తీరాలి. ఇంత అయ్యాక లాభం పెంచుకోవాలనుకున్నవాళ్ళకి కనబడే దారి ఒక్కటే, మాసి చేతిలో పెట్టేది తగ్గించడం. ఆ దారిన పోయినవాళ్ళ దగ్గర మాసిలు నిలవరు. మాసి మారిన ప్రతిసారీ మంచంలో ఉన్న మనిషికి కొత్త చేతులు. ఎవరో తెలియని చేతులు ఒంటికి నీళ్ళు పోస్తే ఎనభై ఏళ్ళ ఆడమనిషి ఎలా ముడుచుకుపోతుందో చూశాను గనక చెప్తున్నాను. జీతం దగ్గర బేరమాడేవాళ్ళు ఈ పనిలోకి రావద్దు.

అమెరికాలో ఈ పనిని ఫ్రాంచైజీగా పెద్దఎత్తున నడిపినవాళ్ళలో ఒమాహా నగరపు పాల్, లోరీ హోగన్ దంపతులు ఉన్నారు. 1994లో 'హోమ్ ఇన్‌స్టెడ్' పెట్టారు. ఆ దేశంలో ఫ్రాంచైజీ అమ్మేవాళ్ళు సంతకానికి కనీసం 14 రోజుల ముందు తమ లెక్కలూ, మీద ఉన్న కోర్టు కేసులూ అన్నీ రాసిన పత్రం కొనేవాళ్ళ చేతిలో పెట్టాలి. మనకి ఫ్రాంచైజీలకంటూ విడిగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అందుకని ఆ పద్నాలుగు రోజులూ మనమే పెట్టుకోవాలి. ఇప్పటికే నడుపుతున్న ఇద్దరు ముగ్గురి దగ్గర కూర్చుని వాళ్ళ పద్దులు చూడాలి. నాకు మొదట్లో ఆ బుద్ధి పుట్టలేదు. బోర్డు రంగూ, యూనిఫారమూ చూసి సంతకం పెట్టేశాను. ఒప్పందం అయిపోయాక ఇన్నేళ్ళు ఇదే పని చెయ్యకూడదన్న షరతు చివరి పేజీల్లో ఉంటుంది. జీవనోపాధికి అడ్డుపడే ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అంటుంది. అయినా నోటీసు వస్తే లాయరు దగ్గరికి పరిగెత్తేది మనమే.

కంపెనీ నాకేమీ ఇవ్వలేదని అనను. పడక పుండు రాకుండా ఎలా తిప్పాలో, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోసేటప్పుడు తలవైపు ఎంత ఎత్తాలో, పడిపోయిన మనిషిని గభాల్న లేపకుండా ముందు ఏం చూడాలో, అన్నీ నేర్పారు. మంచి పాఠాలే. అయితే అవన్నీ హిందీలోనూ బెంగాలీలోనూ ఉన్నాయి. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆ రెండూ వచ్చు కదా, ఏం ఫర్వాలేదనుకున్నాను.

2019 ఎండాకాలం. మలంచలో ఒక మామ్మ. మతిమరుపు జబ్బు ముదిరింది. పిల్లలు ఊళ్ళో లేరు. పగలంతా ఒక మాసి. మంచి మనిషి, చేతివాటం లేదు, విసుగు లేదు. మూడో రోజు సాయంత్రం ఆ మాసి నాకు ఫోను చేసి ఏడ్చింది. "అమ్మ రోజంతా చావు మాటలే అంటున్నారు దీదీ, నాకు భయంగా ఉంది" అంది. వెళ్ళాను. మామ్మ పెదాలు ఎండి చీలిపోయి ఉన్నాయి. నన్ను చూసి మెల్లగా అంది, "దాహం." మళ్ళీ అంది, "దాహం, దాహం."

బెంగాలీలో దాహ అంటే కాల్చడం. శవాన్ని దహనం చెయ్యడం. ముసలావిడ నన్ను కాల్చెయ్యమంటోందని ఆ మాసి అనుకుంది. ఒద్దమ్మా, అలా అనకూడదమ్మా అని మూడు రోజులు తల నిమిరింది. వేళకి టీ ఇచ్చింది, అన్నం పెట్టింది. అడిగినప్పుడల్లా నీళ్ళు మాత్రం ఇవ్వలేదు. మామ్మ యాభై ఏళ్ళు ఈ ఊళ్ళో బెంగాలీ మాట్లాడింది, గోల్‌బజారులో చేపలు బేరమాడింది. ఈ జబ్బులో తర్వాత నేర్చిన భాషలు ముందు జారిపోయి, తల్లి దగ్గర నేర్చింది చివరిదాకా ఉండిపోవడం తరచు కనబడుతుంది. ఇప్పుడు నాకది తెలుసు. అప్పుడు తెలియదు, తెలుసుకోనూ లేదు. రెండు రోజులు సెలైను ఎక్కించాక మామ్మ తేరుకుంది. తప్పు మాసిది కాదు. నాది.

ఆ వారమే గళ్ళ నోటుబుక్కు ఒకటి కొని తెలుగు మాటల్ని బెంగాలీ లిపిలో రాయడం మొదలుపెట్టాను. మొదటి పేజీ మొదటి మాట: దాహం, అంటే జొల్, మంచినీళ్ళు. తర్వాత నొప్పి, కడుపు, కూడు, దొడ్డికి, సలి. మా ముసలివాళ్ళది పుస్తకాల తెలుగు కాదు, శ్రీకాకుళం యాస. కూర్చోండి అంటే వాళ్ళకి ఎక్కదు. కూకో అనాలి. పడుకో కాదు, తొంగో. త్వరగా కాదు, బేగి. చోడి అంబలి ఎలా కాచాలో ఒక పేజీ రాశాను, ఎందుకంటే ఏమీ తినని మనిషి అంబలి మాత్రం తాగుతుంది.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో రైళ్ళు ఆగిపోయాయి. మాసిలు వచ్చేది లోకల్లోనే. ఊళ్ళకి వెళ్ళిపోతారా, ఆ ఇళ్ళల్లోనే ఉండిపోతారా అని అడిగితే తొమ్మిదిమంది ఉండిపోయారు. ఇక్కడ లోకళ్ళు మళ్ళీ నడిచింది నవంబరు 11న. దాదాపు ఎనిమిది నెలలు సొంత పిల్లల్ని వదిలేసి పరాయి ముసలివాళ్ళ దగ్గర ఉన్నారు. వాళ్ళకి నేను ఇచ్చిన బోనసు ఆ పనికి తగినది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ ఇళ్ళ నుంచి బయటికి వచ్చేసరికి వాళ్ళలో ముగ్గురు మా మామ్మల కంటే చక్కగా యాస మాట్లాడుతున్నారు. ఏటి, ఒల్లకో, ఇలగ రా అంటూ. నోటుబుక్కుని అక్కడి నుంచి వాళ్ళే పెంచారు.

నవంబరు వస్తే మాకు ఇంకో పని, పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాలు. 80 దాటిన వాళ్ళవి అక్టోబరులోనే మొదలవుతాయి. ఇది మా బిల్లులో లేదు, ఊరికే చేస్తాం. ముప్పై ఏళ్ళు ఆకురాయీ సుత్తీ పట్టిన వేళ్ళు, వేలిముద్ర యంత్రంలో పడేవి కావు. 2021 నుంచి ఫోన్లో ముఖం చూపించినా సరిపోతోంది. కళ్ళు ఆర్పమని ఫోను అడుగుతుంది. మాసి పక్కన నిలబడి తనూ ఆర్పి చూపిస్తుంది.

తాల్‌బాగిచా తాతగారు మంచం పట్టకముందు సంగతి. వర్క్‌షాపు సైరన్ వినబడగానే లేచిపోయేవారు. డ్యూటీకి వేళయింది, టోకెన్ ఏదీ అని తలగడ కింద, బియ్యం డబ్బాలో, అన్నిచోట్లా వెతికేవారు. రిటైరై పాతికేళ్ళయింది కదా అని కొడుకు ఫోన్లో గట్టిగా చెప్తే ఏడ్చేవారు. అప్పుడు ఆ ఇంట్లో రాత్రి డ్యూటీ చేసిన మాసి ఒకరోజు నన్ను అడిగింది, మీ భాషలో రొబిబార్‌ని ఏమంటారని. చెప్పాను. మర్నాడు సైరన్ మోగింది. తాతగారు లేచారు. మాసి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇయాల ఆదివారం తాతా, తొంగో" అంది.

"ఆదివారమా?" అన్నారట ఆయన. కాసేపు ఆలోచించి, కాళ్ళు మంచం మీదికి తీసుకున్నారు. ఆ ఉదయం మాసి నాకు ఫోను చేసింది ఏడున్నరకే. ఈ కబురు చెప్పడానికి. నోటుబుక్కులో ఆ మాట తన చేత్తో రాసి పెట్టింది.